ఉప్పు దగ్గర వెడల్పు

ఈ ఏడు ఈశాన్య వానలు మొదలైన వారంలో, తోటపల్లి గూడూరు దాటాక వచ్చే ఉప్పుటేటి వంతెన కింద సీసాలో నీళ్లు పట్టుకుని, అలవాటు కొద్దీ ఒక చుక్క నాలుక చివర పెట్టుకున్నాను. వాన నీరు పైనుంచి దిగుతూ, సముద్రపు పోటు కిందినుంచి ఎక్కుతూ ఉండే రోజులవి. ఆ చుక్క మొదట చప్పగా తగిలింది. మింగబోయేసరికి గొంతు దగ్గర ఉప్పు తేలింది. ఉప్పుశాతం చూసే గొట్టం నా చేతిసంచిలోనే ఉంది. దానితో చూస్తే అంకె వస్తుంది, ఆ అంకెను తేదీ వేసి రాసుకుంటాను. అయినా ముందు నాలుకతో చూడడం మాత్రం మానలేదు. ఆ రుచి తగలగానే ఒక ఇంగ్లీషు విశేషణం, దానిని పలికే ఒక గొంతు కలిసి వినిపిస్తాయి: యూరీహేలైన్. పెద్ద నిఘంటువుల్లో తప్ప కనిపించని మాట. జంతుశాస్త్రం చదివినవాళ్లు పరీక్ష కోసం నేర్చుకుని, ఆ పరీక్ష గదిలోనే వదిలేసి వచ్చే మాట. దాని అర్థం తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. దానిని ఎలా వాడాలో తెలుసుకోవడానికి మాత్రం ఒక మనిషి పక్కన ఏళ్ల తరబడి పనిచేయవలసి వచ్చింది.

ఆమె పేరు గ్రేస్ కరుణ. నెల్లూరులోని ఒక కళాశాలలో జంతుశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తర్వాత అల్లూరు వచ్చి, అద్దె ఇంటి ముందుగదిలో రొయ్యల రైతుల కోసం నీటి పరీక్షల గది ఒకటి పెట్టుకున్నారు. రైతులు కరుణమ్మ మేడం అనేవారు. నేను డిగ్రీ పూర్తిచేసి పని వెతుక్కుంటూ వెళ్లి చేరింది ఆ గదిలోనే. గోడకు ఆనించి ఒక బల్ల, దాని మీద గాజు గొట్టాలు, ఒక సూక్ష్మదర్శిని, వాటి పక్కన బైబిలు, దాని పక్కనే లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేవి. నిఘంటువుకు రొయ్యల మేత బస్తా కత్తిరించి కుట్టిన అట్ట ఉండేది. ఆదివారం ఆరాధనకు వెళ్లేటప్పుడు తప్ప ఆమె ఆ గది వదిలి వెళ్లడం తక్కువ. మనిషి పొట్టి, మాట నెమ్మది. ఎదుటివాడు చెప్పింది విన్నాక ఒక్క క్షణం ఆగి, ఆ చెప్పినదానిలో ఒక పదాన్ని మాత్రం పట్టుకుని ప్రశ్న వేసేవారు. ఆ క్షణం గడవడం కొత్తవాళ్లకు చాలా కష్టంగా ఉండేది.

మొదటి రోజు నన్ను అడిగింది కూడా ఒక పదం గురించే. యూరీహేలైన్ అంటే ఏమిటని అడిగారు. నేను పాఠం ఒప్పజెప్పాను: విస్తృతమైన లవణీయతా పరిధిని తట్టుకొనగల ప్రాణి.

"అది ప్రాణి గాదు నాయనా, ప్రాణి పక్కన నిలబడే మాట. ఏ ప్రాణి పక్కన నిలబెడతావు?"

పండుగప్ప చేప అన్నాను.

"చూసినావా?"

"తిన్నాను మేడం."

ఆమె నవ్వారు. "తిన్నది చచ్చినది గదా. బతికింది ఏ నీళ్లలో ఉన్నిందో చూసిరా పో."

నాకు ఇచ్చిన మొదటి పని అదే. ఆ వారమంతా ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు నుంచి లోపలి కాలువల దాకా తిరిగి, వలలు వేసేవాళ్లను అడిగి, పండుగప్ప ఎక్కడ పడింది, అక్కడి నీళ్లలో ఉప్పు ఎంత అని రాసుకున్నాను. అలల అంచున వేసిన వలలోనూ పడింది. వాన నీళ్లతో చప్పబడిన కాలువలోనూ పడింది. రెండూ ఒకే చేప. నేను అంకెలు చదివి వినిపిస్తే ఆమె కళ్లు మూసుకుని విన్నారు. అప్పుడు ఆ పదాన్ని విడదీసి చూపించారు. గ్రీకులో యూరీ అంటే వెడల్పు, హాల్ అంటే ఉప్పు. ఉప్పు దగ్గర వెడల్పు గలది యూరీహేలైన్. దానికి ఎదురుగా స్టీనోహేలైన్ ఉంది, ఉప్పు దగ్గర ఇరుకైనది. సముద్రంలో పుట్టి సముద్రంలోనే బతకగల జీవులు, నీరు కొంచెం మారినా ఉండలేనివి. "ఇప్పుడు ఆ మాట నీది, వాడుకో" అన్నారు. పుస్తకంలో ఉన్న మాట ఒకరి సొంతం కావడానికి ఇలాంటి తతంగం ఒకటి ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

సొంతమైన మాటను ఎక్కడపడితే అక్కడ వాడాలనిపించడం సహజం. మా వీధి మలుపులో ఒక టిఫిన్ దుకాణదారు ఉండేవాడు. పెద్ద రైతుతో పెద్ద రైతులా, లారీ డ్రైవరుతో డ్రైవరులా మాట్లాడి అందరినీ మెప్పించేవాడు. ఒకరోజు ఆయన గురించి మాట వస్తే, ఆయన యూరీహేలైన్ మనిషి మేడం అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆమె చేతిలో ఉన్న గాజు గొట్టాన్ని బల్ల మీద పెట్టి, ఆయన్ని ఉప్పునీళ్లలో వేసి చూసినావా అని అడిగారు. లేదన్నాను. "అయితే ఆ మాట ఆయనకెందుకు? అందరితో కలుపుగోలుగా ఉంటాడు అనేదానికి మనకి కలుపుగోలు అనే మాట ఉండాది. అరుదైన మాటని ఉప్పు కాడనే ఉండనీ. అన్నిచోట్లా తిప్పితే అది అరిగిపోతాది, నీకు అవసరమైన రోజు పని జెయ్యదు." ఆ తర్వాత ఆ విశేషణాన్ని నేను మనుషుల మీద వాడలేదు. ఇప్పటికీ వాడను.

ఇంత జాగ్రత్త గల మనిషి ఆ ఒక్క మాట దగ్గరే పొరపడ్డారు. వనామీ రొయ్య మా ప్రాంతానికి కొత్తగా వచ్చిన రోజులవి. అంతకుముందు టైగరు రొయ్య పెంచి చేతులు కాల్చుకున్నవాళ్లు, ఏనాడూ రొయ్య ముఖం చూడని వరి రైతులు, అందరూ ఒక్కసారిగా దాని వైపు తిరిగారు. ఒక కల్యాణమండపంలో రైతుల సమావేశం పెట్టి కరుణమ్మగారిని మాట్లాడమన్నారు. రైతుల ముందు ఇంగ్లీషు పదం వాడడం ఆమెకు ఇష్టం ఉండదు. అందుకని ఆ విశేషణాన్ని తెలుగు చేసి చెప్పారు: వనామీ ఎంత ఉప్పునైనా, ఎంత చప్పదనాన్నైనా తట్టుకుంటుంది. ఆ వాక్యం ఆ రోజు నేను ఉన్నదున్నట్టుగా రాసుకున్నాను, కనుక ఇందులో నా కల్పన లేదు. ముందు వరుసలో కూర్చున్న ఒకామె లేచి, మాది బోరు నీళ్లు మేడం, తాగేదానికి పనికిరావు, అట్టని ఉప్పూ గాదు, దాంట్లో బతుకుతాదా అని అడిగింది. బతుకుతాది అన్నారు కరుణమ్మగారు. ఒక్క మాట. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

అడిగిన ఆమె శేషమ్మ. యాభై దాటిన మనిషి, భర్త పోయాక ఒంటిచేత్తో వరి పండించుకుంటూ వచ్చింది. చుట్టూ రొయ్యల గుంటలు రావడంతో ఉప్పు ఊరి ఆమె కయ్యల్లో పైరు ఎదగడం మానేసింది. రెండు పంటలు పోయాక, గట్లు తీయించి, కయ్యలన్నీ కలిపి ఒకే గుంటగా తవ్వించింది. ఆమెకు ఉన్న భూమి అంతా ఆ గుంటే. అన్న కొడుకు మల్లికార్జున మొదటినుంచీ వద్దంటూనే ఉన్నాడు. రొయ్యల పని మనకు తెలియదు, గుంటను లీజుకు ఇచ్చేసి వచ్చింది తీసుకుందాం అని అతని వాదన. లీజుకిస్తే తన నేల మీద తాను కూలికి పోవలసి వస్తుందని ఆమె భయం. ఒక్క పంట తీసి చూపిస్తే అతని నోరు మూయించవచ్చని ఆమె ఆశ.

ఆ సమావేశం అయిన కొన్నాళ్లకు శేషమ్మ మా గదికి వచ్చింది. ఒక చేతిలో బక్కెట్టు, ఇంకో చేతిలో రొయ్య పిల్లలు వచ్చిన ప్లాస్టిక్ సంచి, అడుగున కొంచెం నీళ్లు మిగిలి. వెనక మల్లికార్జున. ఆమె అరవలేదు, ఏడవలేదు. బక్కెట్టు బల్ల పక్కన దించి నిలబడింది.

"బతుకుతాది అన్నారు గదా మేడం. వచ్చి మా గట్టు ఎంబడి జూడండి, తెల్లగా తేలతా ఉండాయి."

కరుణమ్మగారు ఆమెను కూర్చోబెట్టి, పిల్లలను గుంటలో వదిలిన తీరు మొదటినుంచి చెప్పమన్నారు. శుక్రవారం పొద్దున్నే వదలాలని పంతులు చెప్పాడట. రొయ్య గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే హేచరీ బండి దారిలో ఆలస్యమై, రాహుకాలం ఇంకాసేపట్లో వస్తుందనగా గుంట దగ్గరికి చేరింది. కొబ్బరికాయ, కర్పూరం సిద్ధంగా ఉన్నాయి. ఇంతకాలం రొయ్యలు పెంచినవాళ్లు సంచులను విప్పకుండా గుంటలో తేలనిచ్చి, తర్వాత మూతి విప్పి గుంట నీళ్లు కొద్దికొద్దిగా లోపలికి పోస్తారు. పిల్లలు కొత్త నీళ్లకు అలవాటు పడ్డాకే వదులుతారు. పక్క గుంట ఆయన ఆ మాట గుర్తుచేశాడట కూడా. "ఏ నీళ్లలోనైనా బతికేదానికి ఇంత నాన్చుడు ఎందుకని నేనే కొయ్యమన్నా" అన్నాడు మల్లికార్జున. మేడం స్వయంగా చెప్పింది కదా అని శేషమ్మ కూడా సరేనంది. రాహుకాలం రాకముందే సంచులన్నీ కోసి గుంటలో కుమ్మరించారు.

కరుణమ్మగారు నన్ను సంచి అడుగున మిగిలిన నీళ్లు చూడమన్నారు. ఉప్పు వెయ్యికి ముప్పై పాళ్లు ఉంది, దాదాపు సముద్రమే. బక్కెట్టులో ఉన్నవి గుంట నీళ్లు, అవి మూడు. మళ్లీ చూడమన్నారు. మళ్లీ అంతే. ఆ రెండు అంకెలను ఆమె ఒక కాగితం మీద పక్కపక్కన వేసుకుని చాలాసేపు చూశారు. మల్లికార్జున ఊరుకోలేకపోయాడు. అయ్యిందేదో అయ్యింది, వచ్చే బుధవారం లీజు కాగితం రాసుకుంటామని మా అందరికీ వినిపించేలా చెప్పాడు. శేషమ్మ తల దించుకుని సంచిని మడత పెడుతూ ఉండిపోయింది. నాలుగు రోజులు ఆగమ్మా, నేను మీ ఇంటికొస్తా అని మాత్రం అన్నారు కరుణమ్మగారు.

వాళ్లు వెళ్లాక నేను ఆమె పక్షాన మాట్లాడబోయాను. మాట తప్పు కాదని, తొందర వాళ్లదని, సంచులు తేల్చాలని అందరికీ తెలిసిన సంగతే కదా అని అన్నాను. ఆమె నిఘంటువు తీశారు. తర్వాత తాను పాఠాలు చెప్పిన పుస్తకాలు ఒక్కొక్కటే దించారు. ఆ మాట ఉన్న పేజీ దగ్గర ఒక్కో పుస్తకాన్నీ తెరిచి బల్ల మీద వరసగా పరిచారు. ఆ మధ్యాహ్నం ఎవరు నీళ్లు తెచ్చినా నేనే చూశాను. ఆమె ఆ పేజీలు వదల్లేదు. ఏదో పురుగును సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు ఆమె ముఖంలో కనిపించే వెలుగు అప్పుడూ కనిపించింది. అది చూసి నాకు కొంచెం కోపం కూడా వచ్చిందని చెప్పాలి. ఒక మనిషి గుంట పోతే ఈమె పదం అందం చూసుకుంటున్నారా అనుకున్నాను.

"ఇట్రా పెంచలయ్యా. ఏ పుస్తకమన్నా చదువు. అన్నీ వెడల్పు చెబుతుండాయి. ఈ చివర ఇంత, ఆ చివర ఇంత. ఒక చివర్నించి ఇంకో చివరికి నడిచి పోవాల్నా, దూకి పోవాల్నా? ఆ ముక్క ఈ మాటలో లేదు. ముప్పై ఏళ్లు చెప్పినా నేను దీన్ని. ఎవరూ అడగలా. నేనూ అడగలా."

నేను మళ్లీ అదే అన్నాను, మాట తప్పు కాదు కదా మేడం అని.

"మాట తప్పు గాదు. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు సగం దారిలో దించేసింది నేను. పుస్తకంలో ఈ మాట చుట్టూ ఇంకా పది వాక్యాలు ఉంటాయి, కాపలాగా. శేషమ్మ కాడికి అది ఒంటరిగా పోయింది."

మర్నాడు ఆమె హేచరీకి మనిషిని పంపి ఒక చిన్న సంచిలో పిల్లలు తెప్పించారు. మేమిద్దరం శేషమ్మ ఇంటికి వెళ్లాం. పంచలో చేట పట్టుకుని బియ్యం చెరుగుతూ కూర్చుంది. లేవలేదు. మళ్ళా మీ మాట నమ్మమంటారా మేడం అంది, చేట ఆపకుండా.

"నమ్మబాకమ్మా. చూడు చాలు. రెండు పెద్ద గిన్నెలు ఇయ్యి."

ఆ పూట కరుణమ్మగారు దేన్నీ చేత్తో ముట్టుకోలేదు. చేసిందంతా శేషమ్మ చేతనే చేయించారు. రెండు స్టీలు గిన్నెలు తెచ్చింది. ఒకదానిలో గుంట నీళ్లు పోసి, సంచిలోని పిల్లల్లో కొన్నింటిని నేరుగా అందులో వేసింది. ఇంకొకదానిలో సంచి నీళ్లతోనే పిల్లలను పోసుకుని, వంటపని మధ్యలో లేచి వచ్చి, గుంట నీళ్లు ఒక్కో గ్లాసు చొప్పున కలుపుతూ పోయింది. గ్లాసు పోసిన ప్రతిసారీ రుచి చూడమన్నారు కరుణమ్మగారు. మొదట ముఖం చిట్లించిన శేషమ్మ, రానురాను ఆసక్తిగా చూడసాగింది. ఇప్పుడు పులుసంత ఉండాది, ఇప్పుడు మజ్జిగంత ఉండాది అని తనే చెప్పేది. ఆ కొలతలు నేను గొట్టంతో చూసిన అంకెల పక్కన రాసుకున్నాను. ఇంటి వెనక నుంచి మల్లికార్జున వచ్చి, గిన్నెల్లో రొయ్యలు పెంచేట్టయితే గుంట ఎందుకు తవ్వినాం అత్తా అని ఎగతాళి చేసి, వెళ్లిపోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పొద్దు వాలే వేళకు కరుణమ్మగారు రెండు గిన్నెల్లోనూ నీళ్లను వేలితో గుండ్రంగా తిప్పమన్నారు. వెంట్రుకంత సన్నని పిల్లలు అవి. మొదటి గిన్నెలో అవి సత్తువ లేక నీటితో పాటే తిరిగి, నీరు ఆగాక అడుగున మధ్యలో కుప్పగా చేరాయి. రెండో గిన్నెలో చాలావరకు తిరిగే నీళ్లకు ఎదురు తిరిగి, ఈదుతూ అంచుల వెంట నిలిచాయి. శేషమ్మ మళ్లీ ఒకసారి వేలితో తిప్పింది. మళ్లీ ఎదురు తిరిగాయి. వాటి నీళ్లు అప్పటికి బోరు నీళ్ల రుచికి దగ్గరగా వచ్చేశాయి. "అంటే ఇవి చెయ్యగలవు. నేను చెయ్యనీలా" అంది ఆమె నెమ్మదిగా. కరుణమ్మగారు తల అడ్డంగా ఊపి, నేను చెప్పలేదు కాబట్టి నువ్వు చెయ్యనీలేదు అన్నారు.

మల్లికార్జున గోడ దగ్గరినుంచి అసలు చిక్కును బయటపెట్టాడు. సంచులు ఇంతసేపు నానుతూ ఉంటే మధ్యలో రాహుకాలం రాదా, దుర్ముహూర్తం రాదా, ముహూర్తం లేకుండా పిల్ల వదిలేవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు అని అడిగాడు. కొట్టిపారేయగల ప్రశ్న కాదది. మా వైపు పిల్ల వదలడం నాట్లు వేయడం లాంటిదే. మంచి ఘడియ చూసుకోకుండా ఎవరూ వదలరు. అలాంటి నమ్మకాలు లేని కరుణమ్మగారు నవ్వి ఊరుకుంటారని నేను అనుకున్నాను. ఆమె ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి, శేషమ్మ వైపు తిరిగి ఒక ప్రశ్న వేశారు.

"ఇంటికి కొత్త మనిషి వస్తే, గడపలో కాలు పెట్టినప్పుడు వచ్చినట్టా, అన్నం తిని పడుకున్నప్పుడు వచ్చినట్టా?"

"కాలు పెట్టినప్పుడే గదా."

"అయితే సంచి నీళ్లను తాకిందే ముహూర్తం. టెంకాయ అప్పుడే కొట్టుకో. తక్కినదంతా ఇంట్లోకొచ్చినాక జరిగే మర్యాద. దానికి రాహుకాలమేంది?"

పంతులు కూడా దీన్ని కాదనలేడు అంది శేషమ్మ. చర్చికి పోయే మేడం మాకు ముహూర్తం పెడతా ఉందే అన్నాడు మల్లికార్జున. మీ ఘడియ మీది, నాకు తెలిసింది నీళ్లు, రెండూ కొట్టుకోకుండా చూస్తున్నా అంతే అన్నారామె. అతను నవ్వాడు. ఆ ఇంట్లో ఆ రోజు విన్న మొదటి నవ్వు అది.

బుధవారం లీజు మనిషి వస్తే, ఈ పంట అయ్యాక రమ్మని శేషమ్మ తిప్పి పంపింది. పాడిగేదెను ఒకదాన్ని అమ్మి మళ్లీ పిల్లలు తెప్పించింది. ఈసారి గుంటలో ఉప్పు ఎంత ఉందో ముందుగా చెబితే, హేచరీవాళ్లే తమ నీళ్లలో ఉప్పును కొంతవరకు దించి పంపారు. సంచులు గుంట నీళ్లను తాకిన ఘడియకు టెంకాయ కొట్టారు. ఆ తర్వాత మల్లికార్జున మోకాలి లోతు నీళ్లలో నిలబడి సంచి తర్వాత సంచికి మగ్గుతో గుంట నీళ్లు పోస్తూ పోయాడు. శేషమ్మ గట్టు మీద నుంచి, తొందరపడబాక అని అతనికి అదేపనిగా చెబుతూనే ఉంది. రాహుకాలం వచ్చింది, పోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

అదే నెలలో రైతుల సమావేశం మళ్లీ జరిగింది. కరుణమ్మగారు వేరే విషయం మొదలుపెట్టక ముందే, పోయినసారి నేను ఒక మాట సగమే చెప్పినాను, దానివల్ల ఒక గుంట పోయింది అన్నారు. వెనక వరుస నుంచి ఎవరో, పోయిన గుంటకి జవాబుదారు ఎవరు మేడం అని వెటకారంగా అడిగారు. నేనే అన్నారామె, అదే నెమ్మదితో. తర్వాత కొత్త వాక్యం చెప్పారు: వనామీ ఎంత ఉప్పునైనా, ఎంత చప్పదనాన్నైనా తట్టుకుంటుంది, నిదానంగా తీసుకుపోతే. ఆ చివరి రెండు మాటలు లేకుండా మొదటి ముక్కను ఎవరు పలికినా ఒప్పుకోనని కూడా చెప్పారు. తిరిగి వస్తూ దారిలో నాతో అన్నారు, ఇంగ్లీషులో ఒక్క మాటగా ఉన్నది తెలుగులో ఒక్క మాటగానే ఉండాలని తాను ఇన్నాళ్లూ ఎందుకు పట్టుబట్టారో తనకే తెలియడంలేదని. ఒక విశేషణానికి సరైన తెలుగు ఒక్కోసారి ఒక వాక్యం కావచ్చు, ఒక్కోసారి రెండు గిన్నెలు కావచ్చు.

శేషమ్మ గుంటలో పిల్ల నిలిచింది. మేత పళ్లెం పైకి లాగి చూసిన రోజు మేమూ అక్కడే ఉన్నాం. వేలి పొడవు రొయ్యలు పళ్లెంలోంచి చిటుక్కున ఎగిరి నీళ్లలో పడ్డాయి. మల్లికార్జున లీజు మాట ఎత్తలేదు. వచ్చే పంటకు ఇంకో మోటారు కావాలన్నాడు. శేషమ్మ మాకు కృతజ్ఞతలు చెబుతుందనుకున్నాను. ఆమె చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని కరుణమ్మగారి ముఖంలోకి చూసింది.

"ఇట్టా సగం చెప్పిన మాటలు ఇంకెన్ని ఉండాయి మేడం మీకాడ?"

దెప్పుడు కాదది, తెలుసుకోవాలని అడిగిన ప్రశ్నే. కరుణమ్మగారు కూడా దానిని అలాగే తీసుకున్నారు. చూడాల అన్నారు. అన్నట్టే చూడడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లుగా తాను పాఠంలో పలికిన విశేషణాలను ఒక్కొక్కటే బయటకు తీసి, ఇది ఏం చెబుతోంది, ఏం చెప్పడంలేదు అని విచారించడం ఆమె జీవితపు చివరి భాగంలో పెద్ద వ్యసనమైంది. కాళ్లు సహకరించక నెల్లూరులో చెల్లెలి ఇంటికి మారిపోయి, పరీక్షల గదిని నాకు అప్పగించాక కూడా, ఉన్నట్టుండి ఫోను చేసేవారు. కుశలప్రశ్నలు ఉండేవి కావు. "నాక్టర్నల్ అంటే రాత్రి తిరిగేది అని చెప్పినాం గదా పెంచలయ్యా. ఏ రాత్రి? వెన్నెల రాత్రా, చీకటి రాత్రా? నీ గుంటల్లో రైతుల్నడిగి చెప్పు." నేను అడిగేవాణ్ని. అమావాస్యకు ఒక రకంగా, పున్నమికి ఒక రకంగా మేత తింటాయని రైతులు చెప్పేవారు; ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పేవారు కాదు. ఆ భేదాలన్నీ వింటూ ఫోనులో ఆమె ఆనందించడం నాకు ఊపిరిలో తెలిసేది. జవాబు కుదరకపోతే ఇంకా సంతోషించేవారు.

పోయిన వేసవిలో ఆమె వెళ్లిపోయారు. సమాధి కార్యక్రమానికి శేషమ్మ వచ్చి, ప్రార్థన పూర్తయ్యేదాకా వెనక నిలబడి వెళ్లింది. కరుణమ్మగారి నుంచి నాకు మిగిలినది ఒక పదమో దాని అర్థమో కాదనుకుంటాను. ఎవరైనా ఒక గుణాన్ని ధీమాగా చెప్పినప్పుడు ఒక్క క్షణం ఆగడం మిగిలింది. ఎంతవరకు, ఎప్పటినుంచి, ఎంత నిదానంగా అని అడగడం మిగిలింది. నేనిప్పుడు సమావేశాల్లో మాట్లాడుతున్నాను. వనామీ గురించి మొదటి ముక్క చెప్పి ఊపిరి తీసుకోగానే, ఆ రెండోది మాకు తెల్సులే సార్ అని పాత రైతులు నవ్వుతారు. తెలిసినా చెబుతాను. ఆ రోజు మొదటిసారి వచ్చినవాడు ఒకడైనా ఉంటాడు.

ఈ నెలలోనే నాకూ ఒకటి దొరికింది. రొయ్యను బెంథిక్ అంటాం, నీటి అడుగున ఉండేది అని. నేనే ఎన్నోసార్లు అలా చెప్పాను. హేచరీలో పసి పిల్లలు నడినీటిలో ధూళిలా తేలుతుంటే చూస్తూ నిలబడినప్పుడు తట్టింది, ఆ మాట చోటు చెబుతుంది గాని వయసు చెప్పదు. పుట్టినప్పుడు అది అడుగుది కాదు. తేలుతూ తేలుతూ పెరిగి తర్వాత దిగుతుంది. చెప్పాలని ఫోను తీసి, కరుణమ్మగారి పేరు దాకా వెళ్లి ఆగిపోయాను. తర్వాత బండి తీసి శేషమ్మ గుంటకు వెళ్లాను. ఆమెకు ఇప్పుడు వయసు మీద పడింది. పనంతా మల్లికార్జున చూస్తాడు, ఆమె గట్టు మీద చాప వేసుకుని కూర్చుని అతన్ని సరిదిద్దుతూ ఉంటుంది. సగం చెప్పిన మాట ఇంకొకటి దొరికిందక్కా అని, రొయ్య అడుగునే ఉంటుందని ఇన్నాళ్లూ చెప్పాను గదా, అది పుట్టినప్పటినుంచీ కాదంట అన్నాను. ఆమెకు ఇందులో ఏముందనిపిస్తుందోనని సందేహం వచ్చి, సరే, ఇంకోసారి మాట్లాడుకుందాం అని లేవబోయాను.

"మేడం లేదు గదా అని నువ్వూ సగంలో దించేసి పోతావా? కూర్చో అబ్బయ్యా" అంది శేషమ్మక్క, చాప మీద పక్కకు జరుగుతూ. "అడుగున లేకుంటే అప్పుడు యాడ ఉంటాది? ఎప్పుడు దిగతాది? మొత్తం చెప్పు."